అనుభవదారు కాలమ్ తీసేసిన చేతులు మనవే

కరీంనగర్ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి సాఫ్ట్‌వేర్ పనిలో స్థిరపడ్డ తరం ఒకటుంది. ఆ తరంలో ఒకడిగా ఈ మాటలు రాస్తున్నాను. నన్నెవరూ రాయమనలేదు. తోటివాళ్లలో కొందరికి ఇది నచ్చకపోవచ్చు కూడా. కానీ భూమి రికార్డు, రేషన్ కార్డు, ఉపాధి కూలి, పింఛను అన్నీ వెబ్ మీదికి ఎక్కిన ఈ పాతికేళ్లలో మా ఊళ్లవాళ్ల చేతిలోంచి ఒకటి జారిపోయింది. తమ గురించి సర్కారు రాసుకున్నది తప్పయితే, "ఇది తప్పు" అని చెప్పి దిద్దించుకునే చోటు. దాన్ని తీసెయ్యాలని ఎవరూ పూనుకోలేదు. మేం కట్టిన వ్యవస్థల్లో దానికి జాగా పెట్టలేదు, అంతే. "అంతే" అనడం కూడా న్యాయం కాదు. జాగా పెట్టలేదన్న సంగతి కడుతున్నప్పుడే మాకు తెలుసు.

సోమవారం పూట కరీంనగర్ కలెక్టరేట్‌కు వెళ్తే ప్రజావాణి వరుస కనబడుతుంది. చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు. వాటిలో పాత పాసుబుక్కు, పహాణీ నకళ్లు, మీసేవ రసీదులు, మడతల దగ్గర చిరిగిన తెల్లకాగితం. ఆ వరుసలో చాలామంది ఆన్‌లైన్‌లో పెట్టి చూసినవాళ్లే. తిరస్కరించినప్పుడల్లా మళ్లీ పెట్టినవాళ్లే. వెబ్‌సైటు వచ్చాక తగ్గాల్సిన వరుస ఇది. సర్కారు ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని లేదని చెప్పే కదా 2001లో ఈసేవ, 2011లో మీసేవ వచ్చాయి! కరెంటు బిల్లు, ఆదాయం సర్టిఫికెట్ లాంటి పనుల్లో ఆ మాట నిలబడింది. అది కాదనను. బిల్లు కట్టడానికి ఒక పూట కూలి పోగొట్టుకునే రోజులు పోయాయి. తగాదా లేని పనులన్నీ తేలికయ్యాయి. తగాదా ఉన్నచోట మాత్రం మనిషి మునుపటికంటే ఒంటరయ్యాడు.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే మా పని గురించి కొంచెం చెప్పాలి. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ను నెట్ ద్వారా అడిగి జవాబు తెచ్చుకునే ఏర్పాటును వెబ్ సర్వీస్ అంటాం. మీసేవ కౌంటర్‌లో కుర్రాడు సర్వే నంబరు కొడితే ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి పట్టాదారు పేరు వచ్చేది ఇలాంటి సర్వీసుల వల్లే. దాన్ని ఏ పద్ధతిలో కట్టాలో మొదట్లోనే తేల్చుకోవాలి. మేం ఈ పని నేర్చుకున్న రోజుల్లో రెండు పద్ధతులు పోటీపడేవి. ఒకటి సోప్. 2000 మే నెలలో డబ్ల్యూ3సీ అనే వెబ్ ప్రమాణాల సంస్థ ముందుకు వచ్చి, 2003 జూన్‌లో 1.2 వెర్షన్‌గా ప్రమాణమైంది. అడిగేవాడు ఏం పంపాలి, ఇచ్చేవాడు ఏం ఇవ్వాలి అన్నది డబ్ల్యూఎస్‌డీఎల్ అనే ఒప్పంద పత్రంలో పొల్లుపోకుండా రాసుకునే పద్ధతి అది. రెండోది రెస్ట్. రాయ్ ఫీల్డింగ్ అనే పరిశోధకుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అదే 2000లో సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో దానికి ఆ పేరు పెట్టాడు. ప్రతి వస్తువుకూ వెబ్‌లో ఒక చిరునామా ఉండాలనీ, అడిగేవాడి గురించి సర్వర్ ముందుగా ఏమీ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకుండానే జవాబు ఇవ్వగలగాలనీ ఆయన చెప్పాడు.

అమీర్‌పేట మైత్రివనం సందుల్లో మేం నేర్చుకున్నది ఈ రెంటికీ తేడా ఏమిటన్నది. ఇంటర్వ్యూల్లో తప్పకుండా అడిగేవాళ్లు. సోప్ బరువు, రెస్ట్ తేలిక. ఎక్స్‌ఎంఎల్ పాతది, జేసన్ కొత్తది. ఉద్యోగాల్లో చేరాక కూడా మా వాదాలన్నీ దాని మీదే. ఉత్తరాన్ని ఏ కవర్లో పెట్టి పంపాలా అని ఏళ్లపాటు వాదించుకున్నాం. ఆ ఉత్తరంలో ఏముంది, అందుకున్న మనిషి తిరిగి జవాబు రాయగలడా అన్నది మాత్రం మా వాదంలోకి రాలేదు.

బాధ ఏమిటంటే, రెండు పద్ధతుల్లోనూ మా ఊరి రైతుకు పనికొచ్చే భాగం ఉంది. సరిగ్గా ఆ భాగాన్నే వదిలేశాం.

సోప్ నేర్పినవాళ్లు ముందు ఒప్పందం రాసుకోండి, ఆ తర్వాతే కోడ్ రాయండి అనేవాళ్లు. ఒప్పందం రాయాలంటే ఇరుపక్షాలూ కూర్చోవాలి. మేం దాన్ని తిరగేశాం. ముందు డేటాబేస్‌లో పట్టికలు గీసుకున్నాం. పనిముట్టులో ఒక బటన్ నొక్కితే ఆ పట్టికల నుంచి ఒప్పంద పత్రం దానంతటదే తయారయ్యేది. నెల పని ఒక పూటలో అయిపోయేది. అందరూ మెచ్చుకున్నారు, మేమూ మురిశాం. అవతలిపక్షం అంటూ ఒకరున్నారన్న సంగతి ఆ బటన్ దగ్గరే మరుగున పడింది. పట్టికలో ఏ కాలమ్ ఉంటే అదే లోకం అయింది.

రెస్ట్ సంగతి ఇంకా చెప్పుకోవాలి. ఫీల్డింగ్ చెప్పినదాంట్లో ముఖ్యమైన షరతు ఒకటుంది. సర్వర్ ఇచ్చే ప్రతి జవాబులోనూ ఇక్కడి నుంచి తర్వాత ఏమేం చేయొచ్చో ఆ దారులు, అంటే లింకులు, కూడా రావాలి. 2008లో ఆయనే ఈ విషయం మళ్లీ రాయాల్సి వచ్చింది. లింకులు లేని సర్వీసులకు రెస్ట్ అని పేరు పెట్టడం ఆపమన్నాడు. మాలో కొందరం దాన్ని చదివాం. చదివి, ఇది పండితుల పట్టింపు అని పక్కన పెట్టాం. దారులు పెట్టడం కష్టమై కాదు. ఒక రికార్డుతో ఒప్పుకోని మనిషి ఎటు వెళ్లాలో ఎవరో ఒకరు ముందు తేల్చి ఉండాలి. తేల్చమని పై అధికారిని అడగాలి. అడిగితే ప్రారంభోత్సవం తేదీ జరుగుతుంది. తేదీ జరగడం మాలో ఎవరికీ ఇష్టం లేదు.

ఇంకొకటి. 1999 నాటి హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణ పత్రంలో 409 అనే జవాబు అంకె ఉంది. మీరు అడిగిన పనికి, ప్రస్తుతం ఉన్న రికార్డుకు పొసగడం లేదని దాని అర్థం. ఎక్కడ పొసగలేదో గుర్తించి సరిచేసుకోవడానికి సరిపడా వివరం ఆ జవాబుతోపాటే పంపాలని కూడా ఆ పత్రం చెబుతుంది. అంటే తగాదా అనేది ఉంటుందని, దానికి మర్యాదగా జవాబివ్వాలని వెబ్‌ను తయారుచేసినవాళ్లు ముందే అనుకున్నారు. మేం ఏం పంపాం? చాలాచోట్ల 200 పంపాం. అంతా సవ్యం అని దాని అర్థం. లోపల మాత్రం "డేటా నాట్ ఫౌండ్" అని ఒక ముక్క. 200 పంపితే నిఘా తెర మీద అన్నీ పచ్చగా కనబడతాయి, నెలాఖరు నివేదిక బాగుంటుంది. సర్వర్ దృష్టిలో సవ్యంగా జరిగిన ఆ పనిలో కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి తన భూమి లేదన్న కబురుతో ఇంటికి వెళ్లాడు.

భూమి దగ్గరికి వచ్చేసరికి ఈ అలవాటు ఎంత చేటు చేసిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ ఏళ్లలోనూ ఆ తర్వాతా చాలామంది దొరలు గడీలు విడిచి పట్నం చేరారు. పోయేముందు కొందరు, పోయాక కొందరు, ఊళ్లో దున్నుకుంటున్నవాళ్లకే భూములు అమ్మారు. రిజిస్ట్రేషన్ లేదు. తెల్లకాగితం మీద నాలుగు వరుసలు, సాక్షుల వేలిముద్రలు. దాన్నే సాదాబైనామా అంటారు. పెద్దమనుషుల ముందు జరిగిన బేరం కాబట్టి ఊరందరికీ తెలుసు. ఊరి భూముల రికార్డైన పహాణీలో పట్టాదారు కాలమ్‌లో దొర పేరు అలాగే ఉండేది. పక్కన అనుభవదారు కాలమ్‌లో దున్నుకునేవాడి పేరు ఎక్కేది. కొనుక్కున్నవాడికైనా, కౌలుదారుకైనా, పంపకంలో భూమి వచ్చిన తమ్ముడికైనా, కాగితం ఒకరిదీ కాస్తు ఇంకొకరిదీ అయిన ప్రతిచోటా ఆ కాలమే ఆధారం.

పాత వ్యవస్థను పొగడటానికి ఇదంతా చెప్పడం లేదు. అనుభవదారు కాలమ్‌లో పేరు ఎక్కాలంటే పట్వారీకి ఏం ముట్టజెప్పాలో మా తాతలకు తెలుసు. ఎక్కిన పేరు రాత్రికి రాత్రి మారిన ఊళ్లూ ఉన్నాయి. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. దరిమిలా వచ్చిన వీఆర్వోల మీద అవే ఫిర్యాదులు వచ్చాయి. 2020 సెప్టెంబరులో ఆ వ్యవస్థనూ రద్దుచేసినప్పుడు సంతోషపడ్డవాళ్లు తక్కువేం కాదు, మేమూ సంతోషపడ్డాం. మనిషిని తప్పిస్తే లంచం పోతుందని నమ్మాం. ఆ నమ్మకంలో మా లాభం కూడా ఉంది. తప్పించిన మనిషి స్థానంలో వచ్చేది మేం కట్టే తెరే కదా. పట్వారీ తప్పు రాస్తే ఆయన ఇంటిముందు కూర్చుని అడిగిన ఆడవాళ్లు ఉండేవారు. తెర తప్పు చూపిస్తే ఎవరి ఇంటిముందు కూర్చోవాలో మేం ఆలోచించలేదు.

2017 సెప్టెంబరు 15న భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. తగాదా లేని భూములు పార్ట్-ఏ, ఉన్నవి పార్ట్-బి అని విడదీశారు. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గరే రైతుబంధు మొదలైంది. ఎకరానికి ఒక్కో పంటకు 4,000 రూపాయలు, పట్టాదారు పేరు మీద చెక్కు. 2020 అక్టోబరు 29న భూ రికార్డుల కొత్త పోర్టల్ ధరణి వచ్చింది. అందులో అనుభవదారు కాలమ్ లేదు.

ధరణి కట్టిన బృందంలో నేను లేను. ఈ ఒక్క మాట చెప్పి తప్పుకోవచ్చు. మాలో చాలామంది అలాగే తప్పుకున్నారు. కానీ అదే పని మా చేతికి వచ్చి ఉంటే మేమూ అలాగే కట్టేవాళ్లం. వేరే చోట్ల, వేరే పేర్లతో, అలాగే కట్టాం కూడా. ఒక కాలమ్ తీసేస్తే పట్టిక శుభ్రమవుతుంది. ప్రోగ్రాం రాసేవాడికి ఇంతకన్నా సుఖం లేదు. రెండు పేర్లుంటే ఏది ఎప్పుడు మారిందో దాచాలి. ఒకరు అమ్మబోతే రెండోవారికి కబురు పంపాలి. ఇద్దరూ ఒప్పుకోకపోతే పని ఆపి, ఎందుకు ఆపామో చెప్పాలి. ఒక్క పేరే ఉంటే ఇవేవీ అక్కర్లేదు. చట్టం అలా చేయమంది అని మేం అంటాం. నిజమే, కాలమ్‌లు నిర్ణయించింది మేం కాదు. అయితే కాలమ్ పోతే ఎవరి పేరు పోతుందో మేం కూర్చున్న గదుల్లో అందరికంటే బాగా తెలిసింది మాకే. ఎందుకంటే ఆ పేర్లు మా ఇళ్లలోవి.

దొర పేరు ఉన్నచోట దొర పేరే మిగిలింది. ఎప్పుడో పట్నం పోయిన మనిషో, ఆయన వారసులో కొత్త పాసుబుక్కులో మళ్లీ హక్కుదారులైన ఊళ్లు ఉత్తర తెలంగాణలో ఉన్నాయి. రైతుబంధు డబ్బు కూడా ఆ పేరు వెంటే పోయింది. పార్ట్-బిలో పడ్డ రైతుకు పాసుబుక్కే లేదు. అక్కడి నుంచి ఎటు వెళ్లాలో చెప్పే దారి మొదట్లో తెర మీద లేదు. దిద్దుబాటు మాడ్యూల్స్ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. టీఎం 14, టీఎం 15, టీఎం 33. ఇవి కంప్యూటర్ లోపల మేం పెట్టుకునే గుర్తులు, బయటి మనిషికి కనబడకూడనివి. ఇప్పుడు మా ఊళ్లలో అక్షరం రాని ముసలివాళ్లు కూడా వీటిని చెబుతారు. "టీఎం 33 పెట్టిన బిడ్డా, రిజెక్ట్ అయింది. గిది పెట్టినంక ఇగ ఎవలను అడుగాలె?" అని ఒక పెద్దమ్మ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ప్రతి జవాబులోనూ తర్వాతి దారి ఉండాలని ఫీల్డింగ్ అన్నదీ ఆమె అడిగిందీ ఒకటే. ఆయన పుస్తకం చదివినవాళ్లం మేం. ఆమె అడగాల్సిన అవసరం రాకుండా చూడాల్సింది మేం.

సాదాబైనామాల కథ ఇంకా భారమైనది. పాత 1971 పాసుబుక్కుల చట్టంలో వాటిని క్రమబద్ధం చేసే వీలుండేది. 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో దరఖాస్తులు తీసుకున్నారు. ఆ మధ్యలోనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. అందులో ఆ వీలు లేదు. హైకోర్టు అడ్డు చెప్పింది, కాగితాలు ఆగిపోయాయి. రాష్ట్రం మొత్తం మీద దరఖాస్తులు సుమారు 9 లక్షలు. అంత పెద్ద సంఖ్య ఎవరికీ కనబడకుండా ఎలా ఉండిపోయిందని ఆశ్చర్యపోయినవాళ్లలో మేమూ ఉన్నాం. ఆశ్చర్యపోయే హక్కు మాకు లేదు. అలాంటి కాగితం బీరువాలో ఉన్న ఇళ్లలోంచే కదా మేం చదువుకు వెళ్లింది. ఆ భూమి మీద పండిన వడ్లు అమ్మి ఫీజులు కట్టారు. తిమ్మాపూర్ కాలేజీలకైనా, నాచుపల్లి జేఎన్‌టీయూకైనా, బాసర ట్రిపుల్ ఐటీకైనా వెళ్లినవాళ్లలో ఎందరి ఫీజు వెనక తెల్లకాగితం భూమి ఉందో ఎవరూ లెక్క తీయలేదు.

మరి ఎందుకు అడగలేదు? దీనికి జవాబు వెతికితే పెద్ద కారణాలేవీ దొరకవు. ఒక సర్కారీ పోర్టల్ పనిలో, అది ఏదన్నది ఇక్కడ ముఖ్యం కాదు, తెరల నమూనాలు చూపించే సమావేశం జరిగింది. టెస్టింగ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి "ఈ వివరం తప్పని చెప్పాలంటే ఎక్కడ నొక్కాలి?" అని అడిగింది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మాలో ఒకరం "అది స్కోప్‌లో లేదు" అన్నాం. అబద్ధం కాదు, టెండరు కాగితాల్లో నిజంగానే లేదు. ఎన్ని నివేదికలు రావాలో ఉంది, ఎన్ని తెరలు ఉండాలో ఉంది. ఆ అమ్మాయి ప్రశ్న సమావేశం మినిట్స్‌లోకి ఎక్కలేదు. రాయడం మా పనే, మేం రాయలేదు. ఆ తర్వాత ఆమె కూడా అడగడం మానేసింది. మా గదుల్లో అంతా ఇలాగే జరిగింది. ఎవరూ ఎవరినీ గద్దించలేదు. వద్దని ఎవరూ శాసించలేదు. ఇంటికి త్వరగా వెళ్లాలనుకున్న మామూలు మనుషులం తల ఊపాం.

మాకు బాగా పనిచేసింది కాబట్టి కూడా ఊరుకున్నాం. తహసీల్దార్ ఆఫీసులో ఒకే పూట రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ అయిపోతే నెల సెలవు మీద అమెరికా నుంచి వచ్చినవాడికి ఇంకేం కావాలి? మానేరు డ్యాం అవతల అరెకరమో ఎకరమో కొనుక్కున్నవాళ్లం ఫొటోలు పంచుకుని ఎంత సులువైందో చెప్పుకున్నాం. అంతకుముందు మాభూమి సైట్‌లో సర్వే నంబరు కొడితే పహాణీ ఎవరైనా చూడగలిగేవారు. ధరణిలో హక్కుదారు తన వివరాలు ఇతరులకు కనబడకుండా దాచుకునే ఏర్పాటు వచ్చింది. గోప్యత అన్నారు, మాకూ బాగుందనిపించింది. పక్కవాడు చూడగలిగితేనే తప్పు బయటపడుతుందన్న ఊరి తెలివి మాకు అప్పుడు గుర్తురాలేదు. లేదా గుర్తొచ్చినా, మన వివరం ఎవరూ చూడకపోవడమే మేలనుకున్నాం.

ఇంకోలా కట్టే పద్ధతి తెలియదని అనడానికీ వీల్లేదు. అది మా జిల్లాల్లోనే నడిచింది. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదలైన తొలి 200 జిల్లాల్లో కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ ఉన్నాయి. కూలీల హాజరు పట్టీలైన మస్టర్లు కంప్యూటర్‌లో ఎక్కేవి. ఆ వివరాలు వెబ్‌లో ఎవరైనా తీసి చూడొచ్చు. సామాజిక తనిఖీకి వచ్చిన ఊరి యువకులు వాటిని ప్రింట్ తీసుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లు. "నీ పేరు మీద ఇన్ని రోజులు పని చూపించిండ్రు, చేసినవా?" అని అడిగేవాళ్లు. ఆ తర్వాత గ్రామసభలో మైకులో చదివేవాళ్లు. చనిపోయినవాళ్ల పేరు మీద తీసిన కూలి అక్కడ బయటపడేది. తిన్న డబ్బు కొంత తిరిగి కట్టించిన సందర్భాలున్నాయి. అవే కంప్యూటర్లు, అదే నెట్. రికార్డు తప్పయి ఉండొచ్చు, నిజం ఊళ్లో ఉంటుంది అని దాన్ని తయారుచేసినవాళ్లు మొదటే ఒప్పుకున్నారు, తేడా అంతా అందులో ఉంది. ఆ తనిఖీలను మేం ఎన్జీవోల పని అనుకున్నాం. టెక్నాలజీ అనుకోలేదు. మా బయోడేటాల్లో రాసుకోదగ్గ సంగతి అందులో ఏదీ మాకు కనబడలేదు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. ఊళ్లో లచ్చవ్వ, ఆధార్‌లో లక్ష్మి. పాసుబుక్కులో ఎల్లయ్య, ఇంగ్లిష్‌లో ఒకచోట వై అక్షరంతో, ఇంకోచోట ఈ అక్షరంతో. రెండు డేటాబేసులను కలిపేటప్పుడు పేర్లు అక్షరాలా సరిపోవాలని మేం పెట్టిన షరతుకు ఇలాంటివాళ్లు ఎందరో బలయ్యారు. సరిపోకపోతే మనిషిని పంపి అడగొచ్చు, ఆ ఖర్చు ఎవరూ పెట్టలేదు. పెట్టమని మేం చెప్పలేదు. సమగ్ర వేదిక అనే వ్యవస్థలో రకరకాల సర్కారీ డేటాబేసులను కలిపి చూసి, వీరికి అర్హత లేదని కంప్యూటర్ చెప్పినదాన్ని బట్టి రేషన్ కార్డులు తీసేశారు. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. పరిశీలిస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. బియ్యం రాని ఆ ఏళ్లు ఎలా గడిచాయో ఏ సర్వర్ లాగ్‌లోనూ లేదు. ఆదిలాబాద్ వైపు ఇంకో రకం. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల్లో కూలీల హాజరు ఫోన్ యాప్‌లో ఫొటోతో పడాలి. ఉట్నూరు అవతల గూడేల్లో సిగ్నల్ ఉండే చోటు ఒకటి, మట్టి తవ్వే చోటు ఇంకొకటి. సిగ్నల్ లేని చోట కూడా నమ్మకంగా పనిచేసేలా కట్టడం మా రంగంలో ఎప్పటినుంచో తెలిసిన విద్య. అది కాస్త ఎక్కువ పని. మేం ఊళ్లో ఉండి కట్టి ఉంటే అదే మొదట కట్టేవాళ్లం.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. కొత్త చట్టంలో అప్పీలుకు అంచెలు పెట్టారు. 2020లో పెట్టుకున్న సాదాబైనామా దరఖాస్తులకు దారి చూపారు. ఇది మంచి మాట. అయితే కొత్త సైటుకు పునాది పాత పట్టికలే. ధరణిలో లేని పేరు భూభారతిలోకి దానంతటది రాదు. ఎవరో ఒకరు పాత పహాణీలు తీసి, ఊళ్లో అడిగి, రాయాలి. పాత పహాణీల్లో అనుభవదారు పేరు చదవగలిగిన రెవెన్యూవాళ్లు ఏటా పదవీ విరమణ చేస్తున్నారు. సాదాబైనామా మీద వేలిముద్ర వేసిన సాక్షులు ఏటా కొందరు పోతున్నారు. మేం తీసేసిన కాలమ్ తాలూకు జ్ఞాపకం ఉన్న మనుషులు వీళ్లే.

2020 జూలైలో కరీంనగర్‌లోనే ఐటీ టవర్ తెరిచారు. ఇప్పుడు ఈ పని నేర్చుకునే పిల్లలు హైదరాబాద్ వెళ్లకుండానే ఇక్కడ కూర్చుని కట్టొచ్చు. వాళ్లకు ఒక మాట చెప్పుకోవాలి. సోప్ కావాలో రెస్ట్ కావాలో, లేక ఈ ఏడాది కొత్తగా వచ్చింది కావాలో మీరే తేల్చుకోండి, అందులో మా సలహాకు విలువ లేదు. మొదటి పట్టిక గీసిన రోజున మాత్రం ఆ కాలమ్‌ల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని మీ ఊరి గ్రామసభకు వెళ్లండి. చదివి వినిపించండి. ఇందులో ఎవరి పేరు ఎక్కదో అడగండి. వాళ్లు చెప్పింది స్కోప్‌లో లేకపోతే, లేదని మినిట్స్‌లో రాయండి, కింద మీ సంతకం పెట్టండి. మేం ఆ పని చేయలేదు.

మిగిలినవాళ్లకు, అంటే మనకు, కట్టడంతో సంబంధం లేని పని ఒకటి ఇప్పుడే ఉంది. పండక్కో పెళ్లికో ఊరికి వెళ్లినప్పుడు, 2020లో సాదాబైనామా దరఖాస్తు పెట్టినవాళ్లు ఎవరెవరో కనుక్కోండి. వాళ్ల రసీదులు తీయించి, దరఖాస్తు నంబర్లు రాసుకుని, అది ఏ దశలో ఆగిందో చూసి, వాళ్లకు వాళ్ల మాటల్లో చెప్పండి. ఆ తెల్లకాగితం ఫొటో తీసి భద్రపరచండి. బతికి ఉన్న సాక్షుల పేర్లు రాసిపెట్టండి. ఈ వానాకాలం లోపే చేయండి.